అడగకుండా ఇచ్చిన మాట



ఇంటి పెద్ద ఒకాయన ఎవరి అప్పుకో జామీను సంతకం పెట్టి వచ్చాడనుకోండి. భార్యకు చెప్పలేదు, ఎదిగిన కొడుకులకూ చెప్పలేదు. కొన్నాళ్లకు నోటీసు వచ్చింది. అప్పుడు అందరినీ కూర్చోబెట్టి, "పొలం అమ్ముదామా, ఏమంటారు?" అని అడిగాడు. అది అడగడమేనా? సంతకం పెట్టే పెద్దరికం ఆయనకున్న మాట నిజమే. అయినా ఇంటిల్లిపాది మనసు నొచ్చుకుంటుంది. ఎందుకో మీరే ఆలోచించండి.

పరదేశాలతో వర్తక ఒడంబడికలు చేసుకోవడంలో మన దేశం నడిచే పద్ధతి దీనికి ఎంతో దూరంలో లేదు.

డంకెల్ ప్రతిపాదనలు అనే మాట మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. గాట్ సంస్థ అధిపతి ఆర్థర్ డంకెల్ 1991 డిసెంబరులో ఆ ముసాయిదాను బయటపెట్టారు. విత్తనాల మీద హక్కు ఎవరిది, మందుల ధరలు ఏమవుతాయి అని మన దగ్గర పెద్ద వాదనలే నడిచాయి. 1994 ఏప్రిల్ 15న మొరాకో దేశంలోని మర్రకేష్‌లో మన ప్రభుత్వం తుది ఒడంబడిక మీద సంతకం చేసింది. దానికి పార్లమెంటు ఓటు తప్పనిసరి కాదు. మన రాజ్యాంగం ప్రకారం మంత్రివర్గం నిర్ణయం చాలు. అదే ఒడంబడిక అమెరికాలో 1994 నవంబరు 29న ప్రతినిధుల సభలో 288-146 ఓట్లతో, డిసెంబరు 1న సెనేట్‌లో 76-24 ఓట్లతో నెగ్గింది. వాళ్లకు కూడా సవరించే వీలు లేదు, అవునో కాదో చెప్పడమే. అయినా అడిగారు.

మన సభ ముందుకు విషయం ఆలస్యంగా వచ్చింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చేది, మందుకు కాదు. అందువల్లనే మన కంపెనీలు అదే మందును వేరొక పద్ధతిలో చేసి చౌకగా అమ్మగలిగాయి. కొత్త ఒడంబడిక ఇది మారాలన్నది. మందులకే పేటెంటు ఇవ్వడానికి 2005 దాకా గడువున్నా, అంతలోపు దరఖాస్తులు పుచ్చుకునే ఏర్పాటు వెంటనే జరగాలి. 1994 డిసెంబరు 31న ఆర్డినెన్సు తెచ్చారు. దాని స్థానంలో పెట్టిన బిల్లు 1995లో లోక్‌సభ దాటింది. రాజ్యసభ మాత్రం దానిని సెలెక్ట్ కమిటీకి పంపింది. 1996లో లోక్‌సభ రద్దయ్యేసరికి బిల్లు మురిగిపోయింది.

ప్రజల ప్రతినిధులు తటపటాయించారన్నమాట. అమెరికా ఫిర్యాదు చేసింది. జెనీవాలోని అప్పీలు మండలి 1997 డిసెంబరులో మనది తప్పని తేల్చింది. 1999లో చట్టం సవరించాం, 2005లో మందులకే పేటెంటు ఇచ్చాం. జెనీవా పెద్దలను నేను తప్పుపట్టను. ఇచ్చిన మాట నిలబెట్టుకోమన్నారు, అంతే. మాట ఇచ్చేటప్పుడు అడగకుండా, తీర్చేటప్పుడు అడగడంలోనే ఉంది చిక్కంతా. "వద్దు" అనే వీలు లేని చోట "సరే" అన్నదానికి విలువేముంది?

ఎన్నికైన ప్రభుత్వమే గదా సంతకం చేసింది, ఇంకెవరిని అడగాలి అని కొందరంటారు. బేరం నడిచేటప్పుడు మన చేతిలో ఉన్నదంతా ఎదుటివాడికి చూపిస్తామా అని కూడా అంటారు. ఇవి తేలిక మాటలు కావు. వందలమంది సభ్యులు తలా ఒక దిక్కుకు లాగితే ఏ బేరమూ తెగదు. కాని బేరం గుట్టుగా సాగడం వేరు, కుదిరిన బేరాన్ని సంతకానికి ముందు సభలో పెట్టకపోవడం వేరు.

చిత్రమేమిటంటే, పరదేశాలతో ఒడంబడికలు కేంద్ర జాబితాలో 14వ అంశం, వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. అంకె ఒకటే. కాని ఒడంబడిక కుదిరిందంటే 253వ అధికరణం కింద రాష్ట్రాల అంశం మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చు. రాష్ట్రాలకు గట్టిగా తగిలే ఒడంబడికల విషయంలో సంతకానికి ముందే అంతర్రాష్ట్ర మండలితో సంప్రదించడం మంచిదేమో పరిశీలించమని జస్టిస్ వెంకటాచలయ్య గారి రాజ్యాంగ సమీక్షా సంఘం 2002లోనే సూచించింది.

ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన కూలి న్యాయమైనది కాదని 13వ లియో జగద్గురువులు 1891 నాటి విశ్వలేఖలో చెప్పారు. 1967లో 6వ పౌలు జగద్గురువులు అదే సూత్రాన్ని బీద దేశాలు, సంపన్న దేశాల మధ్య వర్తకానికి అన్వయించారు. వారు చెప్పింది బలహీనుడు గతిలేక ఒప్పుకోవడం గూర్చి. మన రైతు, మన రోగి ఆ మాత్రమైనా ఒప్పుకోలేదు. వారిని అడిగిందెవరు?

మరొక సంగతి కూడా చెప్పాలి. ఆర్‌సెప్ అనే ఆసియా వర్తక ఒడంబడికలో చేరబోమని 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన ప్రభుత్వం ప్రకటించింది. విదేశీ పాలపొడి వచ్చి పడుతుందని భయపడిన పాడి రైతులు ఊపిరి పీల్చుకున్నారు. నేనూ సంతోషించాను. ఆ "వద్దు" కూడా సభ ఓటుతో వచ్చింది కాదు. మనకు నచ్చిన నిర్ణయం గనుక, అడిగారా అని ఆనాడు మనలో ఎవరమూ ప్రశ్నించలేదు.