బాగానే ఉంది!

"బాగుంది" అన్న మాటకీ "బాగానే ఉంది" అన్న మాటకీ మధ్య ఎంత దూరముందో, కొత్త కోడలిగా ఒక్క పండగపూటైనా వంట చేసిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. పులుసు బాగుందంటే మరో గరిటె ధైర్యంగా వడ్డించవచ్చు. బాగానే ఉందంటే మాత్రం ఉప్పు దగ్గరో పులుపు దగ్గరో ఏదో తేడా వచ్చిందన్నమాటే. ఆ ఒక్క "నే" లో ఎంత మొహమాటం, ఎంత దాపరికం, ఎంత దయ ఇమిడి ఉన్నాయో!

ఈ మధ్య ఆ "నే" ని సెల్‌ఫోన్‌లో పాత సామాను అమ్మకాల ప్రకటనల్లో వెతకడం నాకొక కాలక్షేపమైంది. ముఖ్యంగా పాత రేడియోలు, రికార్డు ప్లేయర్లు, టేప్ రికార్డర్లు. మా సీమలో ఈ సరుకుకి కొదవేం లేదు. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చాక సరదా పడి రేడియో కొన్న ఇళ్లున్నాయి. ఆ తర్వాత రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్లినవాళ్లు సెలవుకి వస్తూ భుజాన మోసుకొచ్చిన టూ ఇన్ వన్‌లున్నాయి. అవన్నీ ఇప్పుడు అటకల మీంచి దిగుతున్నాయి. మనవలు దుమ్ము తుడిచి, ఫొటో తీసి, కింద రెండు ముక్కలు రాసి అమ్మకానికి పెడుతున్నారు.

చిక్కంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. "గుడ్ కండిషన్." "వర్కింగ్." "ఒకే చేతి వాడకం." "చిన్న రిపేరు మాత్రమే." ఇవి చదువుతుంటే నాకు పెళ్లిసంబంధాల మాటలు గుర్తొస్తాయి. "అబ్బాయికి పెద్దగా అలవాట్లేం లేవు" అన్నచోట ఆ "పెద్దగా" దగ్గర ఆగని ఆడపిల్ల తల్లి ఉంటుందా? అలాగే "వర్కింగ్" అన్నచోటా ఆగాలి. దీపం వెలిగితే వర్కింగా? పాట పలికితే వర్కింగా? రెండు స్పీకర్లూ పలికితేనా? అమ్మేవాడు అబద్ధమాడలేదు. నిజాన్ని మాత్రం నడుం దాకే చూపించాడు.

మన ఎండలకీ దుమ్ముకీ ఈ యంత్రాలు ఎలా లొంగుతాయో తెలిస్తే ప్రకటన చదవడం కొంత సులువు. లోపలి రబ్బరు బెల్టు సాగిపోతుంది, పాట నీరసంగా నడుస్తుంది. సౌండు పెంచే మీటలో దుమ్ము చేరి తిప్పినప్పుడల్లా గరగరమంటుంది. స్పీకరు అంచున ఉండే స్పాంజి పొడిపొడిగా రాలుతుంది. రికార్డులు వేడికి వంగిపోతాయి. అరిగిన సూది మంచి రికార్డుని కూడా గీరేస్తుంది. కాబట్టి "ఏ లోపమూ లేదు" అన్న ముప్ఫై నలభై ఏళ్ల నాటి పెట్టెని చూసి నేను సంతోషించను. "పది నిమిషాలు పాడాక స్పీడు తగ్గుతుంది" అని రాసినవాణ్ణి నమ్ముతాను. ఎందుకంటే ఆ మనిషి పది నిమిషాలు కూర్చుని విన్నాడు! లోపాన్ని లోపంగా చెప్పినవాడి మెప్పునే కొంచెం నమ్మవచ్చు.

అయితే తొందరపడి ఎవరినీ అబద్ధాలకోరు అనకూడదు సుమండీ. డెబ్భై ఏళ్ల తాతగారు "గొంతు గంటలా మోగుతుంది" అని రాయించారంటే అది ఆయన చెవికి నిజమే. వయసుతోపాటు సన్నటి శబ్దాలు వినపడటం తగ్గుతుంది. ఆయన మాటలో నిజం తగ్గిందేమోగానీ నిజాయితీ తగ్గలేదు. "టెస్ట్ చేయలేదు" అన్న మాటా అంతే. ఏళ్ల తరబడి మూలపడ్డ సెట్టుకి ఒక్కసారిగా కరెంటు ఇస్తే లోపలి భాగాలు కాలిపోవచ్చని ఆగినవాడిది జాగ్రత్త. పలకడం లేదని చూసి, ప్లగ్గు తీసేసి, "టెస్ట్ చేయలేదు" అని రాసినవాడిది వేరే విద్య.

ఆ విద్య మనకి కొత్త కాదు. ద్రోణాచార్యులు కొడుకు గురించి అడిగినప్పుడు ధర్మరాజు అబద్ధమాడలేదు. అశ్వత్థామ చచ్చాడని గట్టిగా అని, ఏనుగన్న మాట మాత్రం గొంతు తగ్గించి అన్నాడు. వాక్యం మొత్తం నిజమే. అయినా అంతవరకూ నేలకి నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణాన నేలకి దిగిందంటారు. ప్రకటన పైన పెద్ద అక్షరాల్లో "సూపర్ సౌండ్" అనీ, ఎక్కడో అడుగున "ఒక చానల్ చెక్ చేసుకోవాలి" అనీ కనిపిస్తే నాకు ఆ ఏనుగే గుర్తొస్తుంది.

"కొనేవాడు చూసుకోవద్దా?" అంటారు. చూసుకోవాలి. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దుల్ని కొనే రైతు పళ్లు లెక్కపెడతాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి మరీ బేరానికి దిగుతాడు. మన పాత ధర్మశాస్త్రాలు కొన్నాక కూడా పరీక్షకి గడువిచ్చాయి. యాజ్ఞవల్క్యస్మృతిలో విత్తనాలకి 10 రోజులు, కాడి మోసే పశువుకి 5, పాడిపశువుకి 3, ఇనుముకి 1. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యని 13వ శతాబ్దంలోనే కేతన తెలుగులోకి తెచ్చాడు కూడా. కానీ ఫోన్‌లో కనిపించే ఎద్దుకి పళ్లెలా లెక్కపెడతాం? నాలుగు ఫొటోల్లో అయిదో వైపు ఉండదు గదా! అందుకే అక్కడ చూపు చేసే పని మాట చేయాలి. మాట మీద బరువు పెరిగిందన్నమాట.

మరి చట్టం ఏమంటుంది? 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షన్ కింద కొన్ని ఉదాహరణలున్నాయి. నాకవి చిన్న కథల్లా తోస్తాయి. ఒకడు జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. జబ్బు సంగతి తెలుసు, నోరు మెదపడు. అది మోసం కాదంది చట్టం. అదే గుర్రాన్ని కొనేది అప్పుడే మైనారిటీ తీరిన అతని సొంత కూతురైతే? అప్పుడు చెప్పి తీరాలంది. మూడో కథలో కొనేవాడే అడుగుతాడు, "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అని. అప్పుడు మాత్రం ఊరుకుంటే ఆ మౌనం మాటతో సమానం.

ఈ మూడు కథల్లో నన్ను పట్టుకు కూర్చున్నది రెండోది. గుర్రం అదే, జబ్బు అదే. కొనే మనిషి మారేసరికి ధర్మం మారింది! చట్టానికి గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు కాబట్టి కూతురి దగ్గర గీసింది. మన మనసుకి ఆ అవసరమేముంది?

మా వీధిలో ఒకావిడ, పోయిన భర్త టేప్ రికార్డర్ అమ్మకానికి పెట్టించారు. ఎడమ స్పీకరు పలకదు. "అడిగితే చెబుదాంలేమ్మా" అన్నాడు కొడుకు. "అడక్కపోతే?" అన్నారావిడ. "అడక్కపోతే వాళ్ల ఖర్మ." ఆవిడ కాసేపు ఊరుకుని, "మీ నాన్న వస్తువురా. దాని వెనకాల ఎవరూ మనల్ని తిట్టుకోకూడదు" అని, ఎడమ స్పీకరు సంగతి మొదటి వాక్యంగా రాయించారు. ధర నాలుగోవంతు తగ్గింది. ఆ డబ్బు ఆవిడకి అక్కర్లేనిదేం కాదు. నిజం చెబితే నష్టం రాదని పిల్లలకి చెప్పే కథలు నాకందుకే నచ్చవు. నష్టం వస్తుంది. వచ్చినా చెప్పాలా అన్నదే అసలు ప్రశ్న.

చెప్పకపోతే వచ్చే నష్టం మరొకటుంది, అది కంటికి కనిపించదు. జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1970లో పాత కార్ల అమ్మకాల గురించి ఒక వ్యాసం రాశాడు. మంచిదేదో చెడ్డదేదో తెలియనప్పుడు కొనేవాళ్లు అన్నిటికీ సగటు ధరే ఇస్తామంటారు. ఆ ధరకి ఇవ్వలేక మంచి సరుకున్నవాళ్లు తప్పుకుంటారు. చివరికి సంతలో చెత్తే మిగులుతుంది. 2001లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఒకడి దొంగ "గుడ్ కండిషన్" కి మూల్యం, ఎక్కడో మరో ఊళ్లో నిజం రాసిన ఆ విధవరాలు చెల్లిస్తుందన్నమాట.

కొనేవాళ్లు మాత్రం ఎప్పుడూ అమాయకులేనా? మా జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం నేల వెతుకుతారు. దొరికిన రాయి విలువ దొరికినవాళ్లకి తెలియదు, కొనే వ్యాపారికి తెలుసు. పాత సెట్టుతోపాటు ఒక పెట్టెడు రికార్డులు "ఎంతో కొంతకి తీసుకోండి" అన్న ముసలావిడ ముందు, వాటి విలువ తెలిసినవాడు మాట్లాడకుండా సంచీ తెరిస్తే? అక్కడా ఒక గుర్రముంది, అక్కడా ఒక మౌనముంది. తెలిసినవాళ్లు ఏ వైపున్నా చెప్పాల్సింది వాళ్లే.

ఇంతకీ ఎలా కొనాలంటారా? మీట తిప్పుతూ, రెండు స్పీకర్లూ వినిపించేలా వీడియో పంపమనండి. ఎన్నాళ్లుగా వాడలేదో అడగండి. అన్నీ అయ్యాక, "దీన్ని మీ అమ్మాయే కొంటుంటే ఇంకేం చెప్పేవారు?" అని ఒక్క మాట అడిగి చూడండి. బదులు వచ్చేలోగా అవతల కాసేపు నిశ్శబ్దంగా ఉంటే, అది ఎంతసేపుందో గమనించండి.