కిరాయి సైకిలుకు జమానతు ఎవరు?

‘పబ్లిక్’ అనే మాటను ఈ కాలంలో వాడుతున్నంత అజాగ్రత్తగా మరే మాటనూ వాడటం లేదనుకుంటాను. పబ్లిక్ స్కూలు అంటే సామాన్యుడి పిల్లలకు ప్రవేశం లేని బడి. పబ్లిక్ ఇష్యూ అంటే షేర్లు కొనగలిగిన వాళ్ల వ్యవహారం. ఇప్పుడు పబ్లిక్ సైకిలు అని ఒకటి వచ్చింది. నగరంలో ఒక చోట తీసుకొని మరొక చోట వదిలేసే కిరాయి సైకిలుకు ఈ పేరు పెట్టారు. మైసూరులో 2017 జూన్‌లో 450 సైకిళ్లతో, 48 స్టాండ్లతో ఇటువంటి పథకం మొదలైంది. ఆ ఏడే నవంబరులో హైదరాబాదు మెట్రో రైలు నడవటం మొదలుపెట్టిన తరవాత, కొన్ని స్టేషన్ల దగ్గర ప్రైవేటు కంపెనీల సైకిళ్లు వరసకట్టి నిలబడ్డాయి.

నేను తుంగతుర్తిలో పాఠాలు చెప్పుకునే వాణ్ణి. మెట్రో రైలుతో నాకు నిత్యం పని లేదు. కాని మా దగ్గర చదువుకున్న పిల్లలు డిగ్రీ చేతికి రాగానే హైదరాబాదు దారి పడతారు. కొందరు కోచింగుకు, కొందరు దుకాణాల్లో పనికి, మరికొందరు ఇంటింటికీ సామాన్లు అందించే పనికి. దసరాకు వచ్చినప్పుడు అక్కడి సంగతులు చెబుతారు. ఈ సైకిళ్ల మీద వాళ్లు చేసే ఫిర్యాదులు వినటానికి చిన్నవే. పది రూపాయలూ, ఇరవై రూపాయలూ, ఊడిన చెయినూ. కాని వాటిని ఒకచోట చేర్చి చూస్తే నీతికి సంబంధించిన పెద్ద ప్రశ్న ఒకటి బయటపడుతుంది. ముక్కూ ముఖమూ తెలియని మనిషిని నమ్మి వస్తువు చేతికివ్వటం ఎలా సాధ్యం? ఆ నమ్మకం చెడితే జిమ్మేదారి ఎవరిది?

ముందు ఈ యంత్రాంగం ఎలా నడుస్తుందో చూద్దాం. ఫోనులో కంపెనీవారి యాప్ వుండాలి. అందులో పేరూ, నంబరూ ఇచ్చి ముందుగా కొంత డబ్బు వెయ్యాలి. కొన్నిచోట్ల అనామతు సొమ్ము కూడా కట్టాలి. సైకిలు మీది గళ్ల గుర్తును ఫోనుకు చూపిస్తే తాళం తెరుచుకుంటుంది, గడియారం నడవటం మొదలవుతుంది. దిగినచోట తాళం పడితేనే గడియారం ఆగుతుంది. కిరాయి సాధారణంగా అరగంటల లెక్కన వుంటుంది. ఇందులో న్యాయం లేకపోలేదు. పొద్దున తీసుకున్న సైకిలును సాయంత్రం దాకా ఒకడు తన గది ముందే పెట్టుకుంటే అది ఇంకెవరికీ అందదు. అంచేత చాలా నగరాల్లో మొదటి అరగంట చవక, ఆ తరవాత ప్రియం. పదిమందికీ పనికిరావలసిన వస్తువును ఒకడు బిగబట్టకుండా చూడటానికి ఇది మంచి ఉపాయమే.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, గడియారం కంపెనీ చేతిలో వుంటుంది. మా పిల్లవాడు ఒకడు రాత్రి స్టేషను దగ్గర సైకిలు పెట్టి తాళం నొక్కాడు. తాళం పడింది గాని, ఆ కబురు కంపెనీకి అందలేదు. ఫోనుకు సిగ్నలు లేకపోవచ్చు, సైకిలులోని బ్యాటరీ అయిపోయి వుండవచ్చు. వాడు గదికి పోయి పడుకున్నాడు, గడియారం తెల్లవార్లూ నడిచింది. తెల్లవారి చూసుకుంటే ఖాతాలో వేసిన డబ్బంతా పోయి, పైన బాకీ తేలింది. ఫోను చేస్తే రికార్డు చేసిన గొంతు పలికింది. ఉత్తరం రాస్తే, మీ ఫిర్యాదు మాకెంతో ముఖ్యమని జవాబు వచ్చింది. ఆ జవాబు రాసింది కూడా మనిషి కాదని వాడు తరవాత గ్రహించాడు.

మరొక పిల్లది ఇంకో తీరు బాధ. పొద్దున స్టాండు దగ్గరికి పోతే సైకిలు లేదు, సాయంత్రం సైకిలు తెస్తే స్టాండులో చోటు లేదు. చోటు లేక గీత అవతల పెడితే జరిమానా. దీనికి కారణం రహస్యమేమీ కాదు. పొద్దున అందరూ బస్తీనుంచి స్టేషనుకు పోతారు, సాయంత్రం అందరూ స్టేషనునుంచి బస్తీకి వస్తారు. సైకిళ్లన్నీ ఒక కొసకు చేరి కూర్చుంటాయి. వాటిని లారీల్లో ఎక్కించి రెండో కొసకు మళ్లీ మళ్లీ చేర్చాలి. దానికి కూలీలు కావాలి, డీజిలు కావాలి. కంపెనీ ఆ ఖర్చు తగ్గించుకుంటే ఆ భారం సైకిలు దొరకని మనిషి కాళ్ల మీద పడుతుంది. బ్రేకు పట్టని సైకిలు, సీటు కిందికి దిగిపోయే సైకిలు తాళం తీశాకనే బయటపడతాయి. అప్పటికి గడియారం మొదలై వుంటుంది.

ఈ ప్రశ్నలన్నీ వేరు వేరుగా కనిపిస్తాయి గాని, మూలం ఒక్కటే. ఇచ్చేవాడు పుచ్చుకునేవాణ్ణి రవ్వంత కూడా నమ్మడు. ఆ అపనమ్మకాన్ని తాళంగా, అనామతుగా, జరిమానాగా, ఆకాశంలోని ఉపగ్రహం కాపలాగా బిగించి పెట్టాడు. పుచ్చుకునేవాడు మాత్రం ఇచ్చేవాణ్ణి పూర్తిగా నమ్మాలి. యాభై పుటల షరతులకు చదవకుండా ‘సరే’ అనాలి. డబ్బు ముందే ఇవ్వాలి. నమ్మకం ఇట్లా ఒకవైపే ప్రవహిస్తే దాన్ని నమ్మకం అనటం భాషకు అన్యాయం.

దీనికి కంపెనీలవారి సమాధానం మనకు తెలుసు. జనాన్ని నమ్మితే సైకిళ్లు దక్కవంటారు. చరిత్రను కూడా సాక్ష్యానికి పిలుస్తారు. 1965లో ఆమ్‌స్టర్‌డాం నగరంలో ప్రోవో అనే యువకుల బృందం కొన్ని సైకిళ్లకు తెల్లరంగు వేసి, తాళం లేకుండా వీధిలో వదిలింది. ఎవరైనా ఎక్కవచ్చు, దిగినచోట వదలవచ్చు. ఆ ప్రయోగాన్ని దొంగలు నాశనం చేశారని ఇప్పటికీ చెబుతుంటారు. మొదట దాన్ని పట్టుకున్నది దొంగలు కారు, పోలీసులు. తాళం వెయ్యకుండా సైకిలును వీధిలో వదలటం అక్కడి చట్టప్రకారం నేరం కనక ఆ సైకిళ్లను ఎత్తుకుపోయారు. సొంత ఆస్తి కాని వస్తువును చూస్తే చట్టానికి అంత కంగారు! తరవాత 1995లో కోపెన్‌హాగెన్‌లో ఒక నాణెం వేస్తే తాళం తీసుకునే సైకిళ్లు పెట్టారు. తిరిగి తెస్తే నాణెం వెనక్కి వచ్చేది. 2007లో పారిస్‌లో నాణెం పోయి బ్యాంకు కార్డు వచ్చింది. ఆ పథకాన్ని నడిపింది ఒక ప్రకటనల కంపెనీ. అందుకు బదులుగా నగరంలో ప్రకటన బోర్డులు పెట్టుకునే హక్కు పొందింది. అంటే జనం సైకిలు తొక్కటం అక్కడ గోడల వ్యాపారానికి అనుబంధం అయింది.

మరి నమ్మక ద్రోహం ఎవరు చేశారో చూడాలంటే చైనాకు పోవాలి. పెకింగ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు 2014లో మొదలుపెట్టిన ఓఫో అనే సంస్థ పెట్టుబడిదారుల డబ్బుతో ఉబ్బి, దేశదేశాల్లో పసుపు సైకిళ్లు నింపింది. 2018 చివరికి దాని దగ్గర అనామతు సొమ్ము తిరిగి అడుగుతున్నవారు కోటిమందికి పైగా తేలారు. ఒక్కొక్కరిది 99 యువాన్లో, 199 యువాన్లో. సైకిలు ఎత్తుకుపోయిన కుర్రవాడు దొంగ అని అందరికీ తెలుసు. కోటిమంది అనామతును తిరిగి ఇవ్వలేనివాడికి మాత్రం వ్యాపారంలో దెబ్బతిన్నవాడని పేరు.

ఇక్కడికి వచ్చేసరికి మాబోటి వయసు వాళ్లకు ఒక ప్రలోభం కలుగుతుంది. మా వూరి పాత కిరాయి సైకిలు దుకాణం గుర్తుకొస్తుంది. మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబరు. మేకుకు వేలాడే నోటుబుక్కు. దుకాణదారు గోడ గడియారం చూసి, పేరూ, టైమూ రాసుకొని సైకిలు ఇచ్చేవాడు. సీటు అందని పిల్లలం కైంచీ తొక్కుడు తొక్కుతూ బజారు చుట్టి వచ్చేవాళ్లం. పది నిమిషాలు ఆలస్యమైతే ఒకసారి తిట్టేవాడు, ఒకసారి వదిలేసేవాడు. పంచరైతే మనదా తప్పు, పాత ట్యూబుదా అని వాదన జరిగేది. వాదించటానికి ఎదురుగా మనిషి వుండేవాడు. అదెంత సుఖమో ఇప్పుడు ఫోనులో రికార్డు గొంతు వినేవాళ్లకు తెలుస్తుంది.

కాని ఈ జ్ఞాపకాన్ని ఆదర్శం చేసి నిలబెట్టేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ దుకాణదారు సైకిలు ఇచ్చే ముందు అడిగే ప్రశ్న ఒకటి వుంది: ‘ఎవరి కొడుకువిరా?’ మన పల్లెల్లో ఈ ప్రశ్నకు తండ్రి పేరొక్కటే జవాబు కాదు. వాడ, కులం, పొలం అన్నీ ఆ జవాబులోనే వస్తాయి. పటేలు కొడుక్కి నోటుబుక్కులో పేరు రాయకున్నా సైకిలు వచ్చేది. మాదిగవాడ పిల్లవాడికి పైసలు ముందు పెడితేనో, జమానతుకు పెద్దమనిషిని తెస్తేనో వచ్చేది. ఆడపిల్ల అడగటమే లేదు. ఆ నమ్మకం మంచితనం వల్ల కొంత పుట్టి వుండవచ్చు, కాని ఎవరిని నమ్మాలో ఊరు ముందే నిర్ణయించి పెట్టింది.

ఇంకా వెనక్కిపోతే పరిస్థితి మరీ ఘోరం. అప్పటి నల్లగొండ జిల్లా పల్లెల్లో దొర గడీ ముందునుంచి చెప్పులు తొడుక్కొని నడవటమే తప్పైన రోజులున్నాయి; ఇక సైకిలెక్కి పోవటం మాట చెప్పాలా? 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయిన తరవాత ఈ ప్రాంతం లేచి నిలబడింది. మా మండలంలోని కర్విరాల కొత్తగూడెం నుంచి వచ్చిన మల్లు స్వరాజ్యం ఆ పోరాటంలో తుపాకి పట్టారు. తరవాత 1978లోనూ, 1983లోనూ తుంగతుర్తి నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. గడీ ముందు తలెత్తుకొని నడిచే హక్కు మాకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదని మా పిల్లలకు పాఠంలో లేకపోయినా చెబుతుంటాను.

అటువంటి వాడనుంచి పోయిన విద్యార్థి ఒకడు నాతో అన్న మాట ఈ వ్యాసానికి కారణం. కంపెనీని నేను దులుపుతుంటే విని, వాడు అన్నాడు: ‘‘సార్, మీరు చెప్పేదంతా నిజమే. కాని ఆ గళ్ల గుర్తు నన్ను ఎవరి కొడుకువని అడగలేదు.’’

ఈ మాటను కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. పెట్టుబడి పాత కట్లను తెంపి మనిషికీ మనిషికీ మధ్య రొక్కాన్ని మాత్రమే మిగులుస్తుందని 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళిక చెప్పిన సంగతి మన పాఠకులకు తెలియనిది కాదు. మనం ఆ వాక్యాన్ని నిందగానే చదువుతాం. గడీ చూసిన వాడనుంచి వచ్చినవాడు దానిలో సగం విడుదల పత్రంగా చదువుతాడు. వాడు చదివేదీ సరైనదే. ముఖం చూడని యంత్రం కులం కూడా చూడదు. పల్లెలో కిరాయికి అడగలేని ఆడపిల్ల నగరంలో తాళం తీసుకొని పోతుంది. 1991 ప్రాంతాల్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాదిమంది స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. మగవాణ్ణి అడగకుండా ఒక చోటికి పోగలగటం ఎంత పెద్ద విషయమో వాళ్లకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర లేకపోయింది.

ఐతే యంత్రం ‘ఎవరి కొడుకువి’ అని అడగటం మానేసి, ‘ఖాతాలో ఎంతుంది’ అని అడుగుతుంది. రెండో ప్రశ్న మొదటిదానికంటె మేలు. కాని పొలం లేనివాడి కొడుక్కి ఖాతాలో ఎంత వుంటుంది? రెండు ప్రశ్నలకూ వాడి జవాబులు దగ్గర దగ్గరగానే వుంటాయి. పైగా ముఖం చూడని యంత్రానికి ముఖం చూపించి అడిగే హక్కు కూడా వుండదు. రాత్రంతా నడిచిన గడియారం సంగతి ఎవరి ముందు చెప్పుకోవాలి? గడీ ముందు కనీసం ఎవరి మీద తిరగబడాలో తెలిసేది.

నా విద్యార్థికి నేను చెప్పగలిగిన జవాబు ఆర్టీసీ బస్సు. కండక్టరు ఎవరి కొడుకువని అడగడు. టిక్కెట్టు కొన్నవాడు ఎవరైనా ఒక్కటే. సూర్యాపేట పోయే దారిలో బస్సు చెడిపోతే మాత్రం ఆయన అక్కడే వుంటాడు. వెనక వచ్చే బస్సును ఆపి, అదే టిక్కెట్టు మీద ఎక్కిస్తాడు. ఆయన దయగలవాడు కానక్కర లేదు, విసుక్కోవచ్చు కూడా. మనం ఎవరో తెలియకపోయినా మనకు జవాబు చెప్పటం ఆయన ఉద్యోగంలో భాగం. ఊరి దుకాణంలో మనిషి వున్నాడు గాని సమానత్వం లేదు. కంపెనీ సైకిలులో ఒకరకం సమానత్వం వుంది గాని మనిషి లేడు. బస్సులో ఈ రెండూ కలిశాయంటే కారణం, అది జనం డబ్బుతో పుట్టి, శాసనసభలో నిలదీయటానికి వీలున్న సంస్థ కావటమే. ఆర్టీసీలో లోపాలు లేవని ఎవరూ అనరు. ఆ లోపాల మీద ధర్నా చెయ్యటానికి డిపో అనే చోటు ఒకటి వుంది.

పబ్లిక్ సైకిలు ఆ పేరుకు తగాలంటే దాన్ని నగరపాలక సంస్థ తన బాధ్యతగా నడపాలి. ప్రతి పెద్ద స్టాండు దగ్గరా పంపూ, పానా పట్టుకొని ఒక మనిషి వుండాలి. అతనికి నెల జీతం వుండాలి. తాళం మొరాయిస్తే గడియారాన్ని ఆపే అధికారం అతని చేతికి ఇవ్వాలి. ఫోను లేనివాడికి బస్సు పాసులాంటి కార్డు ఇవ్వాలి. ఇది దండగ ఖర్చు అనేవాళ్లు హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిలు దారిని చూడాలి. 23 కిలోమీటర్లు, నెత్తిన సౌరఫలకాల కప్పు. డబ్బు లేదన్న మాట ఆ కప్పు కింద నిలబడి చెప్పటం కష్టం. బస్తీలో వుండే కూలీ ఆ దారిని చేరాలంటే ముందు రెండు బస్సులు మారాలి.