బిందె లేకుండా వెళ్ళే చోటు

మనిషి పోతే ఎలా ఏడవాలో మనకి తెలుసు. దానికి పద్ధతులున్నాయి, పదో రోజుంది, పలకరించడానికి వచ్చే చుట్టాలున్నారు. ఒక చోటు పోతే ఎలా ఏడవాలో మాత్రం మనకెవరూ నేర్పలేదు. చదువుకున్న బడి కూలగొట్టారంటే ‘అయ్యో’ అంటాం. ఊళ్ళో సినిమా హాలు మూసేసి ఫంక్షన్ హాలు కట్టారంటే ఓ నిట్టూర్పు విడుస్తాం. అంతటితో సరి. పొయ్యి మీద కూర మాడిపోతుంటే లేవక తప్పదు కదా!

కొన్నాళ్ళ కిందట మా పెద్దన్న ఒక చోటు పోయినందుకు నిజంగానే బెంగపెట్టుకున్నాడు. అది గుడీ కాదు, బడీ కాదు. హైదరాబాదులో నారాయణగూడ వైపు ఒక మేడ కింద, సెల్లారులో ఉండిన పూల్ హాలు.

పూల్ అంటే ఈతకొలను అనుకునేరు. మా అమ్మ అలాగే అనుకుంది. “వానికి ఈత రాదు గద, నీళ్ళల్ల ఏం జేస్తుండె?” అని అడిగింది. ఈ పూల్ నీళ్ళది కాదు. ఆకుపచ్చ బట్ట పరిచిన పెద్ద బల్ల, దాని అంచుల్లో ఆరు గుంతలు, అంకెలు వేసిన పదిహేను రంగు బంతులు, కొట్టడానికి ఒక తెల్ల బంతి. పొడుగాటి కర్రతో తెల్లబంతిని తాకించి, దానితో మిగతావాటిని గుంతల్లోకి తోయాలి. నల్లది, ఎనిమిదో నంబరుది, ఆఖర్న వెయ్యాలి. తొందరపడి ముందే వేశారో, ఆట పోయినట్టే. కోపంగా ఉన్నవాడు ఈ ఆట ఆడలేడట. ఊపిరి బిగబట్టి, వంగి, చేతిని కదలకుండా ఉంచుకుంటే తప్ప బంతి మాట వినదు.

మా అన్నది గద్వాల. గదిలో అతనితో ఉన్న ఇద్దరిలో ఒకరిది వనపర్తి, ఇంకొకరిది నాగర్‌కర్నూలు. ఇవి ఇప్పుడు మూడు జిల్లాలు గాని, 2016 దాకా అన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. గద్వాలకి రైలుంది. వనపర్తికి ‘వనపర్తి రోడ్’ అని పేరుకో స్టేషనుంది గాని ఊరికి దూరం. నాగర్‌కర్నూలుకి ఆ పేరు కూడా లేదు, బస్సే గతి. ఇలా ముగ్గురూ ముచ్చటగా 1990ల చివర్లో డిగ్రీ చదువుకని పట్నం చేరి, ఒక గదీ, ఒక కిరసనాయిలు స్టవ్వూ పంచుకున్నారు. సాయంత్రాలు ఈ పూల్ హాలుకి పోయేవారు.

బల్లకి గంటకింతని అద్దె. రోజూ ఆడటానికి డబ్బులెక్కడివి? చిల్లర పోగేసుకుని వారానికి ఒకటి రెండుసార్లు ఆడేవారు. మిగతా రోజులు గోడవారన బెంచీ మీద కూర్చుని చూసేవారు. “ఎంతసేపు కూసున్నా ఎవడూ లెమ్మనకపోయేది, చెల్లె. ఏ ఊరని గూడ అడగకపోయేది” అంటాడు మా అన్న. ఆ మాట అనేటప్పుడు అతని గొంతు వేరుగా ఉంటుంది.

పాలమూరు అంటే ఆ రోజుల్లో పట్నంలో ఒక రకంగా చూసేవారు. దేశంలో ఎన్నో ఆనకట్టలకి మట్టి మోసినవాళ్ళు పాలమూరు కూలీలు. ఆ గౌరవం దక్కకపోగా, ‘కరువు జిల్లా’ అన్న పేరు మాత్రం మిగిలింది. పొద్దున్నే నాలుగు రోడ్ల కూడలిలో పారా, తట్ట పట్టుకుని పనికోసం నిలబడే చోటుని హైదరాబాదులో ‘అడ్డా’ అంటారు. కుర్రాళ్ళు పనీపాటా లేకుండా చేరే చోటుకీ అదే పేరు, ‘అడ్డా’! ఒకే మాట చూడండి. ఒక అడ్డాలో మనిషి తనకి గిరాకీ ఉందని చూపించుకోవాలి. ఇంకో అడ్డాలో గిరాకీ లేకపోయినా ఉండనిస్తారు. కరువు జిల్లా నుంచి వచ్చిన పిల్లలకి ఈ రెండో అడ్డా ఎంత తియ్యగా ఉండి ఉంటుందో ఊహించుకోగలను.

పెద్దవాళ్ళ దృష్టిలో మాత్రం ఆ హాలుకి పోవడమంటే చెడిపోవడమే. సిగరెట్టు పొగ, పందేలు, సినిమాల్లో విలన్ ఆ బల్ల పక్కనే కర్ర పట్టుకుని నిలబడటం, ఇవన్నీ కలిసి ఆ ఆటకి అలాంటి పేరు తెచ్చాయి. నిజానికి దీని బంధువు స్నూకర్ మన దేశంలోనే పుట్టింది. 1875లో జబల్పూరులో బ్రిటిష్ సైన్యాధికారులు బల్ల చుట్టూ చేరి కాలక్షేపానికి కల్పించుకున్న ఆట అది. వ్యక్తిగత క్రీడల్లో మన దేశానికి మొదటి ప్రపంచ విజేతని ఇచ్చింది కూడా ఈ కుటుంబమే. 1958లో కలకత్తాలో బిలియర్డ్స్ గెలిచిన విల్సన్ జోన్స్ ఆయన. ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. పూర్వం ఈ బంతులు ఏనుగు దంతంతో చేసేవారు. దంతం కరువై, దానికి బదులేమైనా కనిపెట్టమంటే, 1860ల చివర్లో జాన్ వెస్లీ హయాట్ అనే అమెరికన్ సెల్యులాయిడ్ దాకా వెళ్ళాడు. తర్వాత సినిమా రీళ్ళూ, దువ్వెనలూ దాంతోనే వచ్చాయి. మన వంటింటి షెల్ఫులో వరసగా నిలబడ్డ ప్లాస్టిక్ డబ్బాల వంశవృక్షం వెతుక్కుంటూ పోతే, పైన ఎక్కడో ఒక బిలియర్డ్స్ బంతి కనిపిస్తుందన్నమాట!

సరే, ఆ హాలు పోయింది. దాని చోట ఇప్పుడు ఫోన్లమ్మే దుకాణం వచ్చింది. ముగ్గురు స్నేహితులూ వాట్సాప్‌లో పాత ఫోటో ఒకటి పంపుకుని, ఒకరినొకరు ఓదార్చుకున్నారు. రెండు రోజులు మా అన్న అన్నం సరిగ్గా తినలేదు. అప్పుడు మా వదిన, ఎప్పుడూ ఎదురు మాట్లాడని మనిషి, నాతో మెల్లిగా అంది:

“మీ అన్న పోయిన జాగ కోసం బాధపడుతున్నరు. బాధపడాలంటే నాకు పోయిన జాగ గూడ లేదు.”

ఆ మాట పట్టుకుని నేను చాలా రోజులు ఆలోచించాను. వదిన మాటలో అసూయ ఉందా? ఉంటే, అది తప్పా? ఇంకొకరి సంతోషం మనకి దక్కనిదైనప్పుడు, దాన్ని చూసి మనం ఏం చెయ్యాలి?

వెంటనే ఒక జవాబు వస్తుంది, నాకూ చాలామంది చెప్పారు. ‘ఆడవాళ్ళకి మాత్రం లేవా? బావి దగ్గర చేరేవారు కారా? అక్కడ మాట్లాడుకోని సంగతుండేదా?’ అని. నిజమే. మా వీధి చివర ముందు చేదబావి, తర్వాత బోరింగు ఉండేవి. అక్కడ నవ్వులుండేవి, కోడళ్ళ కన్నీళ్ళుండేవి, పురుడు కబుర్లుండేవి. కాని ఒక చిన్న సంగతి గమనించండి. అక్కడికి బిందె లేకుండా ఎవరైనా వెళ్ళగలిగేవారా?

ఖాళీ చేతుల్తో బావి దగ్గరికి వెళ్ళి, గట్టు మీద కూర్చుని, ‘ఊరికే వచ్చానమ్మా’ అన్న ఆడదాన్ని నేను చూడలేదు. బిందె నిండగానే కబురు ఎంత తియ్యనిదైనా మధ్యలో తెగిపోవలసిందే. తర్వాత కొళాయి ఇంట్లోకే వచ్చింది. నడుము నొప్పులు తగ్గాయి, దానికి దణ్ణం పెట్టుకోవాలి. కాని బిందెతో పాటు వీధిలోకి వెళ్ళే వంక కూడా పోయింది.

ఇప్పటికీ మన బిందెలు మనకున్నాయి. గుడికెళ్ళాలంటే కొబ్బరికాయ. బజారుకెళ్ళాలంటే సంచీ. పక్కింటికెళ్ళాలంటే గిన్నెలో ఇంత కూర. టైలరు దగ్గర పది నిమిషాలు కూర్చోవాలన్నా చేతిలో జాకెట్టు గుడ్డ ఉండాలి. పార్కులో నడవాలన్నా డాక్టరు చెప్పాడనో, షుగరుందనో చెప్పుకోవాలి. ‘ఎక్కడికి?’ అన్న ప్రశ్నకి ‘ఊరికే’ అన్న జవాబు మగవాడు చెబితే సరిపోతుంది. మనం చెబితే ఇంటిల్లిపాదీ తల తిప్పి చూస్తారు.

మాటకి విలువ కట్టడంలో కూడా ఈ తేడా ఉంది. ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ అని ఉండేది. మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు అక్కడ చేరి గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఆ హోటల్ పోయాక కూడా దాన్ని గౌరవంగా తలచుకుంటూ ఎంతోమంది రాశారు, రాయవలసిందే. ఇరానీ హోటళ్ళన్నీ అలాంటివే. ఒక చాయ్ తాగి పూటంతా కూర్చోవచ్చు. అదే హోటళ్ళలో ఓ మూల ‘ఫ్యామిలీ’ అని బోర్డు పెట్టి, పరదా వేసిన గది ఉండేది. ఆడవాళ్ళు భర్తతోనో అన్నదమ్ములతోనో వెళ్ళి, ఆ పరదా వెనక గబగబా తాగి లేచి రావాలి. హాల్లో మగవాళ్ళు మాట్లాడుకుంటే అది గోష్ఠి. బోరింగు దగ్గర మనం మాట్లాడుకుంటే అమ్మలక్కల కబుర్లు!

ఇంత చెప్పానని, ఆ పూల్ హాలు పోతే పీడా పోయిందని నేను సంబరపడుతున్నానని మీరనుకోవద్దు. పక్కవాళ్ళ దీపం ఆరితే మన ఇంట్లో వెలుగు రాదు. అక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. మనకి లేనిది ఎవరికీ ఉండకూడదనుకోవడం అసూయ. వాళ్ళకున్నది మనకీ ఉండాలనుకోవడం న్యాయం. రెండూ పుట్టేది ఒక్క గుండెలోనే, మొదట్లో నొప్పి కూడా ఒకేలా ఉంటుంది. ఆ నొప్పిని ఏ వైపుకి నడిపిస్తామన్న దాన్ని బట్టే మన మంచితనం తేలుతుంది.

మరి పోయిన ప్రతి చోటుకీ ఏడవాలా? అలా కూడా అనలేను. మా వైపు ఊళ్ళే చూడండి. వనపర్తి సంస్థానం వారి భవనంలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. ఒకప్పుడు మామూలు మనిషి గేటు దాకా వెళ్ళడానికి జంకిన చోట, రైతుల పిల్లలు డ్రాయింగ్ బోర్డులు చంకన పెట్టుకుని తిరిగారు. మా గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది. సంస్థానపు ఆఖరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరే దానికి పెట్టారు. ఆ కోట గోడల మధ్య ఇప్పుడు ఎవరి అనుమతీ అడగకుండా పుస్తకాలు పట్టుకుని ఆడపిల్లలు నడుస్తుంటారు. దర్బారులు పోయాయని దుఃఖపడేవాళ్ళు ఉంటే ఉండవచ్చు గాని, నాకైతే రాదు. కొందరి చోటు పోయి అందరి చోటయింది.

పూల్ హాలు సంగతి దీనికి తిరగేసి ఉంది. చిల్లర డబ్బులున్న కుర్రాడు, అవి కూడా లేని కుర్రాడు కూర్చోగలిగిన బెంచీ పోయి, ఏదో ఒకటి కొంటే తప్ప నిలబడనివ్వని దుకాణం వచ్చింది. అందుకని మా అన్న బెంగ అబద్ధం కాదు. ఒక చోటు మంచిదా చెడ్డదా అని తేల్చడానికి నేనొక చిన్న కొలత పెట్టుకున్నాను. ఏ వంకా చెప్పకుండా, ఖాళీ చేతుల్తో, ఎంతమంది లోపలికి రాగలరు? ఈ కొలతతో చూస్తే ఆ హాలు రాజుల దర్బారు కన్నా మంచిదే. కాని సగం మంచిది. ఆ మెట్లు దిగడానికి మనకి ధైర్యం ఇచ్చేవారెవరూ లేరు.

తలుపు తీసి ఉంటే ఏమవుతుందో తెలియాలంటే ఉమాదేవి సంగతి వినండి. ఆవిడ బెంగుళూరులో ప్రభుత్వోద్యోగిని. అక్కడి సచివాలయ ఉద్యోగుల క్లబ్బుకి టేబుల్ టెన్నిస్ ఆడుకుందామని వెళ్ళేది. ఓసారి ఆ బల్లలు ఖాళీ లేక, బిలియర్డ్స్ బల్ల దగ్గర కర్ర పట్టుకుంది. 2012లో ఆవిడే ప్రపంచ మహిళల బిలియర్డ్స్ విజేత! చిన్నప్పట్నించీ శిక్షణ పొందిన మనిషి కాదు, ఆఫీసు పని చేసుకునే మనిషి. ఆవిడ ప్రతిభ ఆవిడదే, సందేహం లేదు. కాని ఆ సాయంత్రం ఆ క్లబ్బు తలుపు ఆవిడకి తెరిచి ఉండబట్టే కదా, ఆ ప్రతిభ ఉందన్న సంగతి ఆవిడకైనా తెలిసింది? ఎన్ని ఊళ్ళలో ఎంతమంది చేతుల్లో అలాంటి నిలకడ ఉండి, అది దోసె తిప్పడానికీ, సూదిలో దారం ఎక్కించడానికీ మాత్రమే పనికొచ్చిందో!

అందరం ప్రపంచ విజేతలం కానక్కర్లేదు. ఓడిపోయినా ఫరవాలేని ఆట ఒకటి మనిషికి ఉండాలి. ఇంట్లో మనం ఓడిపోతే కుదరదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే పదిమందికి తెలుస్తుంది, పిల్లాడికి మార్కులు తగ్గితే మన పెంపకం ప్రశ్నకొస్తుంది. ఏమీ నష్టం లేకుండా ఓ గంట ఓడిపోయి, నవ్వుకుంటూ ఇంటికి రాగలిగే చోటు మా అన్నకి దొరికింది. అందుకే దాన్ని ఇరవై ఏళ్ళయినా మరవలేదు. జ్ఞాపకం తియ్యగా ఉండాలంటే ముందు ఆ ఖాళీ గంట ఉండాలి కదా!

‘ఇప్పుడు మీ చేతిలో ఫోనుంది, గ్రూపులున్నాయి, ఇంకేం కావాలి?’ అనేవాళ్ళూ ఉన్నారు. ఉన్నాయి గాని, ఆ ఫోను పక్కనే కుక్కరు కూస్తుంటుంది. కాళ్ళు గడప దాటకుండా మనసొక్కటే వెళ్ళే షికారు, షికారు కాదు.

మరేం చెయ్యాలంటారా? విప్లవాలేమీ అక్కర్లేదు. మీ వీధిలో లైబ్రరీ ఉంటే, అక్కడ ఆడవాళ్ళు కూర్చునే కుర్చీ ఉందో లేదో చూడండి. కాలనీ వాళ్ళు క్యారమ్ బోర్డు కొంటుంటే, అది ఏ వేళ ఎవరికని అడగండి. కూతురు ‘ఊరికే వెళ్ళొస్తానమ్మా’ అంటే ‘దేనికి’ అని అడగకుండా, ‘ఎప్పటికొస్తావు’ అని మాత్రం అడగండి. కోడలు చేతిలో బిందె లేకుండా బయల్దేరితే చూసీ చూడనట్టు ఊరుకోండి.

రేపెప్పుడో ఆ పిల్లలు మన వయసుకొచ్చి, పోయిన తమ చోటొకటి తలచుకుని కాస్త బెంగపడతారు. ఆ బెంగ వాళ్ళకి దక్కాలని కోరుకుంటున్నాను.