ఆ నక్షత్రాల చుట్టూ కూడా సర్వేశ్వరుని బిడ్డలుంటే?



సత్యోపదేశ తరగతిలో పిల్లలు అడిగే ప్రశ్నల్లో కొన్నింటికి జవాబు పుస్తకంలో ఉంటుంది, కొన్నింటికి ఉండదు. భద్రమైన అభ్యంగనానికి సిద్ధపడుతున్న తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఒక ఆదివారం లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, వేరే నక్షత్రాల చుట్టూ కూడా భూమిలాంటి గ్రహాలున్నాయట గదా. అక్కడ మనుషులుంటే వాళ్ళ కోసం యేసు ప్రభువు మళ్ళీ సిలువ మీద చనిపోవాలా?" అని అడిగాడు. వెనక వరుస పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ వేసి, "ముందు పది ఆజ్ఞలు తప్పులేకుండా అప్పజెప్పు, తరువాత నక్షత్రాల సంగతి చూద్దాం" అన్నాను. కుర్రవాడు కూర్చున్నాడు. తరువాత రెండు ఆదివారాలు తరగతికి రాలేదు.

అందుచేత ఈ వారం ఆ కుర్రవాడికి నేను బాకీపడ్డ జవాబు గురించి మీతో మాట్లాడదలచాను. ఇటువంటి ప్రశ్న మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు అడిగే ఉంటారు.

ముందు సంగతి ఏమిటో తెలుసుకుందాం. 1995లో మిషెల్ మేయర్, డిడియే కెలో అనే ఇద్దరు స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు మన సూర్యునివంటి మరొక నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మొట్టమొదటిసారి కనిపెట్టారు. దానికి 51 పెగాసి బి అని పేరు. గ్రహం వాళ్ళ కంటికి కనిపించలేదు. గ్రహం తన చుట్టూ తిరుగుతూ లాగుతుంటే నక్షత్రం కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపును నక్షత్రపు వెలుగులో కొలిచారు. 2019లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. 2009 నుంచి 2018 వరకు పనిచేసిన కెప్లర్ అనే అంతరిక్ష దూరదర్శిని మరొక పద్ధతి పట్టుకుంది. దీపం ముందు దోమ ఎగిరితే వెలుగు ఒక పిసరు తగ్గుతుంది గదా, గ్రహం నక్షత్రానికి అడ్డంగా వచ్చినప్పుడు తగ్గే వెలుగును అది లెక్కగట్టింది. ఇలా కనుగొన్న గ్రహాల సంఖ్య 2025 సెప్టెంబరు నాటికి 6,000 దాటింది.

వీటిలో కొన్నింటిని "నివాసయోగ్యం కావచ్చు" అంటున్నారు. ఆ మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. పొయ్యికి మరీ దగ్గర కూర్చుంటే కాలుతుంది, మరీ దూరమైతే వెచ్చదనం అందదు. నక్షత్రానికి తగినంత దూరంలో ఉండి, గాలి కూడా అనుకూలిస్తే నీరు నీరుగా నిలవగల గ్రహమని మాత్రమే దాని అర్థం. అక్కడ నీరు చూశామని గాని, చెట్టూ చేమా ఉన్నాయని గాని కాదు. ఖాళీ స్థలం చూపించి "ఇల్లు కట్టుకోవచ్చు" అంటే లోపల సంసారం ఉన్నదని కాదు గదా. పత్రికలవారు మాత్రం ఏడాదికి రెండుసార్లు "మరో భూమి దొరికింది" అని వేస్తుంటారు.

మనకు అన్నిటికంటే దగ్గర నక్షత్రం ప్రాక్సిమా సెంటారి. దాని చుట్టూ భూమికంటే కొంచెం బరువైన గ్రహమొకటి ఉన్నట్టు 2016లో తెలిసింది. దూరం 4.24 కాంతి సంవత్సరాలు. దగ్గరే అనిపిస్తుంది గాని, సెకనుకు 17 కిలోమీటర్లు పరుగెత్తే వాయేజర్-1 వంటి నౌక ఆ దూరం పోవడానికి దాదాపు 75,000 ఏళ్ళు పడుతుంది. పైగా ఆ నక్షత్రం అప్పుడప్పుడు భగ్గున మండి చుట్టూ కిరణాలు చిమ్ముతుంది. 2017లో ట్రాపిస్ట్-1 అనే చిన్న నక్షత్రం చుట్టూ ఏడు రాతి గ్రహాలున్నట్టు తెలిసింది. ట్రాపిస్ట్ అనేది బెల్జియంవారి దూరదర్శిని పేరు; మన ట్రాపిస్టు సన్యాసులు గుర్తుకు వచ్చేటట్టే దానికి ఆ పేరు పెట్టారు. ఆ ఏడింటిలో లోపలి రెండు గ్రహాలకు దట్టమైన గాలిపొర ఉన్న జాడ లేదని 2023లో జేమ్స్ వెబ్ దూరదర్శిని చూపించింది. 2025లో, మన దేశంలో చదువుకుని ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న నిక్కు మధుసూదన్ గారి బృందం, 124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి అనే గ్రహపు గాలిలో, భూమి మీద సముద్రపు జీవులు పుట్టించే ఒక వాయువు జాడ ఉండవచ్చునని ప్రకటించింది. ఇతర శాస్త్రజ్ఞులు ఆ కొలతలను మళ్ళీ లెక్కవేసి, రుజువు చాలదన్నారు. ఇంతవరకు భూమి మీద తప్ప ఎక్కడా జీవం కనబడలేదు. సంగతి ఇంతవరకే.

ఇంత దూరపు గ్రహాల గాలిని ఎలా తెలుసుకుంటారని మీరు అడగవచ్చు. వెలుగును రంగులుగా విడదీసి చదువుతారు. నక్షత్రాల వెలుగును అలా చదివి, వాటిని తరగతులుగా విభజించినవారిలో మొదటివాడు ఆంజెలో సెక్కి అనే యేసుసభ గురువు. పందొమ్మిదో శతాబ్దంలో రోమాపురిలో పునీత ఇగ్నాసివారి దేవాలయం పైకప్పు మీదనే ఆయన అబ్జర్వేటరీ ఉండేది. కింద దివ్యబలిపూజ, పైన దూరదర్శిని! ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో ఆకాశమంతటినీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేసే పెద్ద పనిని ప్రపంచంలోని అబ్జర్వేటరీలు పంచుకున్నప్పుడు, వాటికన్ వంతుకు వచ్చిన ఫొటో పలకల మీద దాదాపు 4,81,000 నక్షత్రాల స్థానాలు కొలిచి రాసినవారు నలుగురు మఠకన్యలు. అదే పనిలో ఒక వంతు మన హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీ కూడా తీసుకుంది. శ్రీసభకు ఆకాశమంటే భయమని ఎవరైనా అంటే మీ పిల్లలకు ఈ మఠకన్యల సంగతి చెప్పండి. 2025 సెప్టెంబరు నుంచి వాటికన్ అబ్జర్వేటరీకి అధిపతిగా ఉన్నది రిచర్డ్ డిసూజా గారనే భారతీయ యేసుసభ గురువు.

ఇక కుర్రవాడి ప్రశ్న.

ఇటువంటి ప్రశ్న వచ్చినప్పుడు మనవాళ్ళు రెండు పొరపాట్లు చేస్తారు. కొందరు "అక్కడ ఎవరైనా ఉంటే మన విశ్వాసం కూలిపోతుంది, కాబట్టి ఎవరూ లేరు" అంటారు. మరికొందరు వేదగ్రంథంలో వెతికి, ఈ మందకు చెందని ఇతర గొర్రెలున్నాయని ప్రభువు చెప్పిన మాట పట్టుకొచ్చి, "అదిగో, గ్రహాంతరవాసులు!" అంటారు. యోహాను సువార్తలో ఆ మాట యూదులు కాని ప్రజల గురించి, అంటే మన గురించే! వేదగ్రంథం గ్రహాల పుస్తకం కాదు.

మన పెద్దలు ఈ విషయం ఎప్పుడో ఆలోచించారు. పునీత తోమాసు అక్వినాసు లోకం ఒక్కటేనని భావించాడు. అయినా ఆయన చనిపోయిన మూడేళ్ళకు, 1277లో, పారిస్ పీఠాధిపతి ఎతియెన్ తాంపియే ఖండించిన 219 వాక్యాల్లో, దేవుడు అనేక లోకాలను సృజించలేడనే వాదం కూడా ఉంది. సృజించాడో లేదో మనకు తెలియదు, సృజించలేడని అనడానికి మాత్రం నీవెవరవు అని దాని సారాంశం. నికొలాస్ కూసా అనే గురువు 1440లో ముగించిన గ్రంథంలో ఇతర నక్షత్ర ప్రాంతాల్లో కూడా నివాసులుండవచ్చునని రాశాడు. ఆయనను ఎవరూ శిక్షించలేదు సరిగదా, ఎనిమిదేళ్ళకు కార్డినలును చేశారు. ఇంకొక సంగతి దాచకూడదు. 1600లో జొర్దానో బ్రూనోను రోమాపురిలో సజీవంగా కాల్చారు. ఆయన మీద మోపిన నేరాల్లో క్రీస్తు దైవత్వాన్ని, త్రిత్వాన్ని కాదనడం వంటివి ఉన్నాయి. అనేక లోకాల వాదం కూడా ఉంది. నేరం ఏదైనా, మనిషిని కాల్చడం సువార్త కాదు. 2000లో శ్రీసభ పక్షాన అందుకు విచారం తెలిపారు.

వేరే లోకంలో బుద్ధిగల జీవులుంటే వారి రక్షణ మాటేమిటి? వారు పాపంలో పడి ఉండకపోవచ్చు. అప్పుడు వారికి మనకు కావలసినటువంటి రక్షణ అవసరం ఉండదు. వాటికన్ అబ్జర్వేటరీకి అప్పటి అధిపతి ఫాదర్ ఫ్యూనెస్ గారు 2008లో ఈ మాటే చెబుతూ, తప్పిపోయిన గొర్రె ఉపమానాన్ని గుర్తుచేశారు: నూరు గొర్రెల్లో తప్పిపోయిన ఆ ఒక్కటి మనమే కావచ్చునన్నారు. ఇక వారు కూడా పడిపోయి ఉంటే? దైవవాక్కు అక్కడ కూడా దేహం ధరించి ఉండవచ్చునని కొందరు వేదాంతుల అభిప్రాయం. ఒకే దైవవ్యక్తి ఒకటికంటే ఎక్కువ మానవ స్వభావాలను ధరించగలడా అన్న ప్రశ్నకు అక్వినాసు కూడా దైవశక్తికి హద్దు లేదు కనుక ధరించగలడనే జవాబిచ్చాడు. పదిహేనో శతాబ్దంలో గియోమ్ ద వొరియోన్ అనే ఫ్రాన్సిస్కన్ గురువు మాత్రం, లోకాలు ఎన్ని ఉన్నా ఈ భూమి మీది ఒక్క మరణమే అన్నిటికీ చాలుతుందన్నాడు.

నా మనసు ఈ చివరి మాట వైపే మొగ్గుతుంది. ఎందుకో చెబుతాను. "ఇంత పెద్ద విశ్వంలో, ఒక మూలనున్న ఈ చిన్న భూమి మీద జరిగినది అందరికీ ఎలా వర్తిస్తుంది?" అని అడుగుతున్నాం. ఇది దూరదర్శినులతో పుట్టిన ప్రశ్న కాదు. నజరేతు నుంచి మంచిదేదైనా రాగలదా అని నతనయేలు అడిగినది ఇదే. రోమా సామ్రాజ్యంలో గలిలయ ఎంత? గలిలయలో నజరేతు ఎంత? సర్వేశ్వరుడు ఎప్పుడూ చిన్నచోటునే ఎంచుకున్నాడు. అక్కడ జరిగినది కృష్ణా గుంటూరు జిల్లాల పల్లెల్లో ఉన్న మనకు అందినదంటే, దూరం ఆయనకు అడ్డం కాలేదన్నమాట. రెండువేల ఏళ్ళ దూరాన్ని, సముద్రాల దూరాన్ని దాటిన రక్షణ 124 కాంతి సంవత్సరాల దగ్గర ఆగిపోతుందని నేను అనలేను. దాటే దారి ఏదో నాకు తెలియదు. శ్రీసభ కూడా ఈ విషయంలో నిర్ణయమేమీ చేయలేదు. వేరే విధంగా తలచేవారు విశ్వాసం తప్పినవారు కారు.

అసలు మనకు ఇబ్బంది కలిగించేది వేదాంతం కాదేమోనని నాకు అనుమానం. ఇంట్లో రెండో బిడ్డ పుట్టినప్పుడు మొదటిబిడ్డ ముఖం చూశారా? అమ్మ ఒడి ఇంకొకరికి పోయిందని మంచం కింద దూరి కూర్చుంటాడు. అమ్మ ప్రేమ సగమైందని వాడి లెక్క. తల్లి ప్రేమ సెంట్ల లెక్కన పంచే పొలం కాదని వాడికి తెలియడానికి కొన్నేళ్ళు పడుతుంది. కొందరికి అరవై ఏళ్ళు వచ్చినా తెలియదు.

1492 తరువాత సముద్రానికి ఆవల కొత్త ప్రజలు కనబడినప్పుడు ఐరోపావారికి ఇదే పరీక్ష వచ్చింది. వీరికి ఆత్మ ఉందా, వీరు మనవంటి మనుషులేనా అని వాదించుకున్నారు. ఆ వాదం నడుస్తుండగానే వారిని బానిసలు చేశారు. 1537లో మూడవ పౌలు పోపుగారు, వారు నిజమైన మనుషులని, వారి స్వేచ్ఛను, ఆస్తిని హరించరాదని శాసనపత్రం వెలువరించవలసి వచ్చింది. పోపుగారు రాసినంత మాత్రాన దోపిడీ ఆగలేదనుకోండి.

అపొస్తలుల కార్యాల్లో పేతురు గారు అన్యుడైన కొర్నేలి ఇంటిలో అడుగుపెట్టి జ్ఞానస్నానం ఇప్పించినందుకు సొంతవారే నిలదీశారు. 2014 మే నెలలో ఒక ఉదయపు పూజా ప్రసంగంలో ఫ్రాన్సిస్ పోపుగారు ఆ ఘట్టాన్ని వివరిస్తూ, రేపు అంగారక గ్రహవాసులు వచ్చి జ్ఞానస్నానం అడిగితే ఏం చేస్తారని అడిగారు. పత్రికలన్నీ అంగారకుల మాట పట్టుకుని వేడుక చేశాయి. ఆయన అడిగినది తలుపు దగ్గర అడ్డంగా నిలబడేవారి గురించి.

ఆ తలుపు మన ఊళ్ళో కూడా ఉంది. ఒకే బలిపీఠం ముందు ఒకే దివ్యసత్ప్రసాదం స్వీకరించి, మెట్లు దిగి, పెళ్ళి సంబంధం మాట రాగానే "మీరేమిట్లండీ?" అని అడిగేది మనమే గదా. మన దేశంలో కొన్నిచోట్ల క్రైస్తవుల సమాధుల తోటలో కూడా గోడ కట్టారు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల ఆంథోని గారు కార్డినల్ అయినప్పుడు, మొట్టమొదటి దళిత కార్డినల్ అని పత్రికలు రాశాయి. మనమూ పూలదండలు వేశాం. ఇన్ని శతాబ్దాల తరువాత ఆ "మొట్టమొదటి" అనే మాట రాయవలసి వచ్చిందేమిటని మాత్రం దండ వేసిన చేతులు ఆలోచించలేదు. నూరు కాంతి సంవత్సరాల ఆవలివారు మన సహోదరులవునా కాదా అని తీరికగా వాదించగలం. చెరువుకు ఆవలి పేటవారి మాట వస్తే మనకు తీరిక ఉండదు.

మూడో ఆదివారం నేనే ఆ కుర్రవాడి ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ కుర్చీ వేసి, "వీడు మిమ్మల్ని ఎదురు ప్రశ్నలు అడిగాడటండీ, తప్పయిపోయింది" అంది. తప్పు వాడిది కాదమ్మా, నాదేనన్నాను. జవాబు తెలియక కసురుకున్నానని వాడితో చెప్పి, ఇక్కడ మీకు రాసినదంతా నాకు చేతనైనట్టు వివరించాను. ప్రాక్సిమా గ్రహం తన సూర్యుని చుట్టూ 11 రోజులకే తిరిగి వస్తుందని చెప్పినప్పుడు వాడి కళ్ళు మెరిశాయి.

"అయితే మాస్టారూ, అక్కడ పదకొండు రోజులకొకసారి క్రిస్మస్ వస్తుందా?"

వాళ్ళమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈసారి నాకు తెలియదని ఒప్పుకుని, వచ్చే ఆదివారం ఫాదరుగారినే అడగమన్నాను.