గుంట చెప్పే అబద్ధం

మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే మన ఖర్మ! ఈ రెండు మాటలతో జీవితమంతా నెట్టుకొచ్చేస్తాం మనం. అసలు జరిగినదాంట్లో మన వాటా ఎంత, మన చేతిలో లేనిది ఎంత అని లెక్క తేల్చే ఓపిక ఎవరికుంది చెప్పండి? ఆ లెక్క చూసే పద్ధతి ఒకటి నాకు గోల్ఫ్ ఆటలో కనిపించింది. నవ్వకండి.

గోల్ఫులో బంతిని వందల గజాలు ఎగరగొట్టడం ఒక ఎత్తు, గుంట దగ్గరికొచ్చాక నున్నటి పచ్చిక మీద మెల్లగా దొర్లించడం ఒక ఎత్తు. ఈ దొర్లించడాన్ని పట్టింగ్ అంటారు, అందుకు వాడే కర్రని పట్టర్ అంటారు. గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. చూసేవాళ్ళకి "ఓస్, ఇంతేనా!" అనిపిస్తుంది. కాని కర్ర ఏ దారిన ఊగిందన్నదానికన్నా, బంతికి తగిలిన ఆ ఒక్క క్షణంలో దాని ముఖం ఎటు చూస్తోందన్నది ముఖ్యం. చాలావరకు ఆ ముఖం చూసిన వైపే బంతి బయల్దేరుతుంది. ఆర్ట్స్ చదువుకున్నదాన్ని, డిగ్రీ అంటే నాకు బి.ఏ.యే గుర్తొస్తుంది. ఇక్కడ డిగ్రీ అంటే కోణం. ముఖం ఒక్క డిగ్రీ పక్కకి తిరిగిందా, పది అడుగులు పోయేసరికి బంతి సుమారు రెండంగుళాలు తప్పుకుంటుంది. నడిమధ్యకి గురిపెట్టింది కాస్తా గుంట అంచు దగ్గర తేలుతుంది. రెండు డిగ్రీలైతే ఇక చెప్పక్కర్లేదు.

దీనికో ఉపాయం చెయ్యాలని కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు 1966లో తెచ్చిన పట్టర్‌లో, బరువుని తల రెండు కొసలకీ చేర్చాడు. దాంతో బంతి నడిమికి తగలకపోయినా ముఖం మెలితిరగడం తగ్గింది. జవాబు అనే అర్థం వచ్చేలా దానికి 'ఆన్సర్' అని పేరు సూచించింది ఆయన భార్య లూయీస్. మగవాళ్ళ ప్రశ్నలకి జవాబులు ఎక్కడుంటాయో చూశారా! అయితే ఆడేవాడి చెయ్యే ముఖాన్ని తిప్పేస్తే ఆ జవాబు కూడా ఏమీ చెయ్యలేదు.

మా తమ్ముడికి ఈ ఆట పిచ్చి. రోజూ సాయంత్రం హాల్లో కార్పెట్ మీద గజం పొడుగు స్టీలు స్కేలు పరుస్తాడు. దాని ఒక కొసన బంతి పెట్టి కొడుతూంటాడు. గుంటా లేదు, గిన్నే లేదు!

"ఇదేం ఆటరా, పడడానికి చోటే లేకుండా?" అన్నాను.

"పడడం సంగతి తర్వాతక్కా! ముఖం తిన్నగా ఉంటే బంతి స్కేలు చివరిదాకా పోతుంది. లేకపోతే మధ్యలోనే జారిపోతుంది. గుంట అబద్ధం చెప్పచ్చు గాని స్కేలు చెప్పదు" అన్నాడు.

గుంట అబద్ధం చెప్పడమేమిటా అని ఆలోచిస్తే నిజమేననిపించింది. ముఖం వంకరగా తగిలినా, నేల వాలు అనుకోకుండా సాయపడి బంతి లోపల పడచ్చు. అందరూ చప్పట్లు కొడతారు. మనవాడు తన లోపాన్నే విద్య అనుకుని మర్నాడూ అలాగే కొడతాడు. తిన్నగా కొట్టినా, ఎవరి బూటు గుర్తో అడ్డొచ్చి బంతి తప్పిపోవచ్చు. అప్పుడేమో బాగున్న చేతివాటాన్ని మార్చుకుని పాడుచేసుకుంటాడు. ఫలితాన్నే గురువుగా పెట్టుకుంటే వచ్చే చిక్కు ఇదీ.

నా స్నేహితురాలొకావిడ మంచానపడ్డ తల్లికి మూడేళ్ళు చాకిరీ చేసింది. వేళకి మందు, వేళకి పథ్యం, రాత్రిళ్ళు నిద్రంటూ లేదు. అయినా తల్లి దక్కలేదు. "నేనే ఏదో తక్కువ చేశాను" అని ఇవాళ్టికీ కుమిలిపోతూంటుంది. నాకు తెలిసిన మరొకాయన, జబ్బుపడ్డ తండ్రివంక తొంగి కూడా చూడలేదు. ఆ పెద్దాయన తనంతట తనే కోలుకుని లేచి తిరిగారు. కొడుకుగారు అంతా తన చలవేనని మీసం దువ్వుతున్నాడు! ఇద్దరూ చూస్తున్నది గుంటవైపే. స్కేలు మీద పెట్టి చూస్తే ఎవరి బంతి చివరిదాకా పోయిందో వేరే చెప్పాలా?

అలాగని, "నా ప్రయత్నం నేను చేశాను, ఆపైన భగవంతుడి దయ" అని చేతులు దులుపుకునేవాళ్ళని ఈ ఆట వెనకేసుకురాదు. నేల వాలు చూసుకోవడం, ఎంత జోరు కావాలో అంచనా కట్టుకోవడం కూడా ఆటగాడి పనే. 1970లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో, డగ్ సాండర్స్ చివరి గుంట దగ్గర సుమారు మూడడుగుల బంతి వేస్తే చాలు, ఓపెన్ చాంపియన్. తీరా కొట్టబోయే ముందు నేలమీదేదో నలుసులా కనిపిస్తే తీసెయ్యబోయి వంగాడు. మళ్ళీ మొదటినుంచీ కుదురుకోకుండా అలాగే కొట్టాడు. బంతి కుడిపక్కగా పోయింది. మర్నాడు జాక్ నిక్లాస్ చేతిలో ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. అక్కడ గడ్డిని తిట్టి ఏం లాభం?

ఏదైనా జరిగాక "పడిందా, లేదా?" అని లోకం ఎలాగూ అడుగుతుంది. "తగిలిన ఆ క్షణాన నా ముఖం ఎటు చూస్తోంది?" అన్నది మాత్రం మనకి మనమే వేసుకోవలసిన ప్రశ్న. తిన్నగానే చూస్తోందని మనసు సాక్షిగా చెప్పగలిగితే, బంతి ఎటు పోయినా ఆ రాత్రి కంటినిండా నిద్రపోయే హక్కు మనకుంది. చెప్పలేకపోతేనో, బంతి గుంటలో పడి చప్పట్లు మోగినా సరే, మర్నాడు స్కేలు బయటికి తియ్యవలసిందే. ఏమంటారు?