ఓనమాల పలక, రాతి ధూళి

వసంత పంచమి నాడు పిల్లవాడి చేతికి బలపం ఇచ్చి, సరస్వతి ముందు కొత్త పలక మీద ఓనమాలు దిద్దిస్తారు. పసుపు కుంకుమలు అద్దిన ఆ రాతి పలకకు పేరుపడ్డ ఊరు మార్కాపురం. ఇక్కడి నుంచి కంభం మీదుగా గిద్దలూరు వైపు పోయే నేలలో పలకరాయి దండిగా ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి వరుసకు కంభం పేరే పెట్టారు.

పని ముచ్చటగా ఉంటుంది. బండ అంచున సన్నటి ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడితే పొర విడుతుంది. దెబ్బ కాస్త గట్టిగా పడిందా, మధ్యలోనే విరుగుతుంది. విడిన పొరను కొలతకు కోసి, నున్నగా అరగదీసి, చెక్క చట్రంలో బిగిస్తారు. కానీ ఈ పనిలో లేచే పలకరాయి ధూళి గాలిలో తేలుతుంది. అందులోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు లేదు.

స్వకర్మతోనే దేవుణ్ని అర్చించవచ్చంటుంది భగవద్గీత 18వ అధ్యాయం. నిప్పును పొగ కమ్మినట్టు ప్రతి పనికీ ఏదో ఒక దోషం ఉంటుందనీ, అంతమాత్రాన సహజమైన పనిని వదలొద్దనీ అంటుంది. మరి పలక కోసేవాడి దగ్గు కూడా ఆ దోషంలో భాగమేనా?

కాదు. ఆ మాట పని చేసేవాడికి ధైర్యం, చేయించేవాడికి సాకు కాదు. భారతంలో ధర్మవ్యాధుడు మాంసం అమ్ముకుంటూనే కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం బోధించాడు, తన వృత్తి ఘోరమైనదని తానే ఒప్పుకున్నాడు. దోషం ఒకరి ఊపిరికి, లాభం మరొకరి పెట్టెకు చేరుతున్నప్పుడు గీతను అడ్డం పెట్టుకోవడం అధర్మం.

మార్కాపురంలో ఇది ఒట్టి శాస్త్రచర్చ కాదు. 1988లో మొదలైన జాతీయ బాల కార్మిక పథకానికి తొలినాళ్లలో ఎంచుకున్న ప్రాంతాల్లో ఇదీ ఒకటి. కారణం పలకల పరిశ్రమే. బడికెళ్లే పిల్లల పలకలను బడి మొహం చూడని పిల్లలు తయారుచేశారు. అలాంటి పలక మీద దిద్దిన అక్షరాన్ని సరస్వతి ఎలా స్వీకరిస్తుంది?

రాతి పలకకు గిరాకీ తగ్గింది. అదే రాయి ఇప్పుడు టైల్స్‌గా పోతోంది. పొడిగా కోసే యంత్రం ఉలికన్నా ఎక్కువ ధూళి లేపుతుంది. తడిపి కోస్తే అది చాలావరకు అణుగుతుంది. కరువు నేలలో నీళ్లు తేలిక కాదు, నిజమే. అయినా అక్షరాభ్యాసానికి పలకలు కొనే ఆలయాలూ, గోడలకు ఈ రాయి తెప్పించుకునేవారూ ధర కన్నా ముందు అడగవలసింది ఒకటుంది: తడిపి కోస్తున్నారా?