అరిగిన నాణెము, తోమిన నాణెము

ఇత్తడి పాత్రలున్న యిండ్లలో చింతపండుతో వానిని తోముట నేటికిని కలదు. తోమిన చెంబు తళతళలాడినచో ఇల్లాలికి సంతోషము. కనుక పెట్టె యడుగున దొరకిన ముత్తాతలనాటి రూపాయి నల్లబడియుండుట చూడగానే దానిని గూడ ఆ చింతపండుతోనే రుద్దవలెనని మనసు పుట్టుట సహజము. నాణెములను సేకరించువారు మాత్రము దీనిని మహాపరాధముగా నెంతురు. వారిది వట్టి చాదస్తమా, లేక అందులో ధర్మమేమైన నున్నదా? శుభ్రతయే నాగరకతకు మొదటి మెట్టని పిల్లలకు బోధించు మనవంటివారికి ఈ ప్రశ్న మరింత చిక్కైనది.

సేకరణమునందు పలు మార్గములు కలవు. ప్రతి సంవత్సరపు నాణెమును, ప్రతి టంకశాల నాణెమును పోగుచేయువారు కొందరు. రకమునకొక్కటి చాలునను వారు కొందరు. ఈ రెండవ మార్గము సామాన్య సంసారికి తగినది. బ్రిటిషువారి కాలపు రూపాయిలనే తీసికొన్నచో, 1835లో కుంపిణీవారు నాలుగవ విలియము బొమ్మతో వేయించినది మొదలు, 1840నాటి విక్టోరియా రాణి, 1862నాటి కిరీటధారిణి, 1877 మొదలు చక్రవర్తిని యను బిరుదము గలది, పిదప ఏడవ ఎడ్వర్డు, అయిదవ జార్జి, ఆరవ జార్జి, తుదకు 1947నాటి పులిబొమ్మ నికెలు రూపాయివరకు ముఖ్యములైన రకములు పదింటికి మించవు. జార్జి రాజు పతకమాలలోని యేనుగు పందివలె కనబడుచున్నదని జనులాక్షేపింపగా 1911నాటి బొమ్మను మరుసటి సంవత్సరమే దిద్దిరి గనుక, కొందరు దానిని వేరొక రకముగా లెక్కింతురు. ప్రభుత్వమంతటిది ఒక యేనుగు తొండమునకు లొంగవలసివచ్చినది!

ఇట్టి చిన్న సేకరణములో ఒక్కొక్క నాణెము తన రకమున కంతకును సాక్షిగా నిలువవలెను. కావున దాని ముఖము నమ్మదగినదై యుండవలెను. చేతులు మారిన రూపాయిని దీపముకడ పట్టి చూడుడు. ఎత్తైన తావులు, అనగా రాణి చెవిపైని కురులు, కిరీటపు రత్నములు, మొదట అరుగును. అచ్చట వెండి లేత బూడిదరంగున నుండును. అక్షరముల సందులలోను, బొమ్మ చుట్టును నలుపు నిలిచియుండును. గాలిలోని గంధకము వెండితో కలియుటచే పుట్టిన పొర అది. మసి కాదు, మురికి కాదు. ఆ నలుపువలననే అరిగిన అక్షరము సైతము స్పష్టముగా చదువబడుచున్నది. దానినే చింతపండుతోను బూడిదతోను తోమినచో, పులుపు పై పొరను తినివేయును, బూడిద లోహముపై సన్నని గీతలు గీయును. అంతట ఎత్తును పల్లమును ఒకే తెలుపై, కడిగిన గోడవలె జీవము లేక కనబడును.

ఇందులో నెవరికి నష్టము? నాణెము నాది, చింతపండు నాది యనవచ్చును. అమ్మకమునకు పెట్టినచో కొనువానికి నష్టమనుట స్పష్టమే. అమ్మకున్నను నష్టము కలదని నా యభిప్రాయము. ఆ రూపాయి వేయబడినపుడు తూకము సరిగా నొక తులము, అనగా 11.66 గ్రాములు, అందు పండ్రెండు పాళ్లలో పదునొకండు వెండి. మన పెద్దలు దానినే తులపురాయిగా త్రాసులో వాడిరి. తరిగిన వెండి యెటుపోయినది? కూలివాని కొంగుముడిలో, శిస్తు కట్టు రైతు సంచిలో, వడ్డీవ్యాపారి పెట్టెలో కొంచెము కొంచెముగా రాలినది. ఆ మనుష్యుల పేర్లు ఏ గ్రంథమునందును లేవు. వారి చేతుల జాడ ఈ అరుగుదల యొక్కటియే. దానిపై మెరుగుపెట్టుట, వారిని లేనివారినిగా చేయుట.

అట్లని యంటుకొన్న ప్రతిదియు పూజ్యమని చెప్పరాదు. మన సంఘమునందును పాతదంతయు పవిత్రమని మకిలను గూడ కాపాడువారును, పాతకాలమున నే దోషమును లేదని దానికి సున్నము కొట్టువారును ఇరువురును కలరు. నాణెముల విషయమున ఈ భేదము చేతికి తెలియును. రాగి కాసులపై పచ్చని పొడి రాలుచున్నచో అది వయస్సు కాదు, వ్యాధి. క్లోరైడు లవణము తేమతో చేరి లోహమును తినుచుండును. చికిత్స చేయకున్న నాణెము దక్కదు. జిడ్డును, మట్టిని స్వేదన జలముతోను, ఎసిటోనుతోను రుద్దకుండ తొలగింపవచ్చును. ఇవి లోహము నంటవు. కూడనిది శుభ్రతకాదు, రుద్దుట.

ఇక సహజవర్ణమునకు వెల పెరిగినకొలది దానికిని నకిలీ పుట్టినది. తోమి పాడుచేసిన వెండిని గంధకపు పొగలో నుంచియు, వేడిచేసియు నల్లపరచి, తాతలనాటి రంగని యమ్ముదురు. అకృత్రిమతను కోరుటయే కృత్రిమమునకు బజారు తెరచినది! ఇందు కొనువారి దోషమును కొంత కలదు. వారు కోరునది చరిత్రకాదు, చరిత్రవలె కనబడు రంగు.

వారి పక్షపాతమునకు మరియొక నిదర్శనము చెప్పెదను. లంబాడీ స్త్రీలు రూపాయిలకు కొక్కెములు అతికించి హారములుగా ధరించుట మనమెరిగినదే. అట్టి రూపాయి అంచున అతుకు మచ్చ మిగులును. సరాబులు వెండిని పరీక్షించుటకు కొట్టిన గుర్తులును కొన్నింటిపై కలవు. సేకరణకారులలో పెక్కురు వీనిని వికృతములని త్రోసివేయుదురు. సంచిలో అరిగిన అరుగుదల సహజమై, ఒక స్త్రీ కంఠమున అరిగినది దోషమగుట నాకు బోధపడదు. ఆమె దానిని క్రొత్తదని యెవరికిని చూపలేదు. నేనైనచో 1862నాటి రకమునకు అతుకు మచ్చగల రూపాయినే యెన్నుకొందును. కోరువారు తక్కువగుటచే వెలయు తక్కువ. మెత్తని వినైలు సంచిలో మాత్రము పెట్టరాదు, అది కొన్నాళ్లకు పచ్చని జిగురు విడుచును. గంధకము లేని కాగితపు పొట్లమే మేలు.